బ్లూ-రేలో బొమ్మ మార్చాలన్నా, తెలుగు సబ్‌టైటిల్ ఎక్కించాలన్నా

బ్లూ-రే డిస్కును కంప్యూటర్లోకి దించుకున్నాక చాలామంది చేసే పని ఒకటే. ఫోల్డర్లన్నీ గాలించి అన్నిటికన్నా పెద్ద ఫైలేదో చూసుకుని, దానికి సబ్‌టైటిల్ తగిలించి ఎమ్‌కేవీ అనే ఒకే వీడియో ఫైలుగా చేసుకుంటారు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని చూసేవాళ్లకు అది చాలు. డిస్కు డిస్కులాగే ఉండాలనుకుంటేనే అసలు చిక్కు. మెనూ రావాలి, చాప్టర్లు దూకాలి, రిమోట్‌లో సబ్‌టైటిల్ బటన్ నొక్కితే తెలుగు పడాలి, టీవీ కింద పెట్టుకున్న మామూలు ప్లేయర్ ఏ పేచీ లేకుండా ఆడాలి.

వరంగల్ వైపు ఈ అవసరం రెండు దారుల్లో వస్తుంది. కొనుక్కున్న జపాన్ సినిమానో ఇరాన్ సినిమానో ఇంట్లో పెద్దవాళ్లకు చూపించాలి, డిస్కులో చూస్తే ఇంగ్లీషు సబ్‌టైటిల్ తప్ప వేరే లేదు. ఇంకోటి పెండ్లి డిస్కు. హన్మకొండలో మిక్సింగ్ చేయించిన డిస్కు టైటిల్లో ఇంటిపేరు తప్పు పడుతుంది. లేదంటే డాలస్‌లో పుట్టిన మనవలకు అప్పగింతల పాట తెలియడానికి కింద ఇంగ్లీషు వరుసలు కావాలి. పైకి వేర్వేరుగా కనిపించినా డిస్కు లోపల రెండిటికీ పని ఒకటే, నియమమూ ఒకటే: కొత్తగా ఏది పెట్టినా పాతదాని నెంబర్లోనే, పాతదాని టైముకే పెట్టాలి. ఈ పనిలో వచ్చే తప్పుల్లో చాలావరకు ఈ నియమం తప్పినందువల్ల వచ్చేవే.

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. మిక్సింగ్ ల్యాబులో రాసిచ్చే పెండ్లి డిస్కుకు కాపీని అడ్డుకునే తాళం ఉండదు. అంగట్లో కొన్న సినిమా డిస్కుకు ఏఏసీఎస్ అనే తాళం ఉంటుంది. మన కాపీరైటు చట్టానికి 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కుదారు హక్కును దెబ్బతీసే ఉద్దేశంతో అలాంటి తాళాన్ని దాటితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. సొంత వాడకానికి న్యాయమైన మేరకు వాడుకోవడం గురించి 52వ సెక్షన్ విడిగా చెబుతుంది. కాబట్టి ఇక్కడ రాసేదంతా మీ డబ్బుతో కొన్న డిస్కు, మీ ఇంటి ప్లేయర్ వరకే. ఒక కాపీ తీసి పక్కింటికి ఇచ్చినా లెక్క మారిపోతుంది.

ఎవరు ఎవరిని పిలుస్తారు

డిస్కులో సినిమా అంతా ఉండే బీడీఎమ్‌వీ అనే ఫోల్డరు తెరిస్తే లోపల స్ట్రీమ్, క్లిప్‌ఇన్ఫ్, ప్లేలిస్ట్, బ్యాకప్ అని ఫోల్డర్లు, బయట ఇండెక్స్, మూవీ ఆబ్జెక్ట్ అని రెండు చిన్న ఫైళ్లు కనిపిస్తాయి. ప్లేయర్ ముందు ఇండెక్స్ చదువుతుంది. అది మూవీ ఆబ్జెక్టును గానీ జావాలో రాసిన మెనూను గానీ పిలుస్తుంది. మెనూలో 'ప్లే' నొక్కితే ఫలానా నెంబరు ప్లేలిస్టు ఆడమని ఆజ్ఞ వెళుతుంది. చాలా సినిమా డిస్కుల్లో అది 00800. ఆ ప్లేలిస్టు ఫైలు, అంటే ఎంపీఎల్ఎస్, '00055 అనే క్లిప్పును ఈ టైము నుంచి ఈ టైము దాకా ఆడు' అంటుంది. అదే నెంబరుతో క్లిప్‌ఇన్ఫ్ ఫోల్డర్లో ఒక సీఎల్పీఐ ఫైలు, స్ట్రీమ్ ఫోల్డర్లో ఒక ఎం2టీఎస్ ఫైలు ఉంటాయి. బొమ్మా మాటా సబ్‌టైటిలూ అన్నీ ఉండేది ఈ చివరిదాంట్లో.

ఎం2టీఎస్ లోపల ఒక్కో ధారకు ఒక్కో పీఐడీ నెంబరు. హెక్సాలో చెప్పాలంటే వీడియో 1011, ఆడియోలు 1100 నుంచి, సబ్‌టైటిల్స్ 1200 నుంచి వరసగా 32 దాకా. ప్లేలిస్టు ఫైల్లో ఈ నెంబర్ల పట్టిక ఉంటుంది. పట్టికలో లేని ధార ఎం2టీఎస్‌లో ఎంత చక్కగా ఉన్నా ప్లేయర్ దాన్ని కన్నెత్తి చూడదు. 'సబ్‌టైటిల్ చేర్చిన, వీఎల్సీలో కనబడుతుంది, ప్లేయర్లో రావట్లేదు' అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

సీఎల్పీఐ పని ఇంకా సున్నితం. ఫలానా క్షణంలోని కీ ఫ్రేము (ముందు ఫ్రేముల సాయం లేకుండా విప్పుకునే పూర్తి బొమ్మ) ఫైల్లో ఎన్నో ప్యాకెట్టు దగ్గరుందో చెప్పే పటం అందులో ఉంటుంది. కొత్త ఎం2టీఎస్ పెట్టి, పాత సీఎల్పీఐని అలాగే వదిలేస్తే సినిమా మొదటి నుంచి బాగానే ఆడుతుంది. పని అయిపోయిందనిపిస్తుంది. నాలుగో చాప్టరుకు దూకగానే బొమ్మ ఆగిపోతుంది, లేదా ఆరో చాప్టరు మధ్యలో తేలుతుంది. పాత పటంలోని ప్యాకెట్టు నెంబర్లు కొత్త ఫైల్లో వేరే చోటును చూపిస్తున్నాయి మరి. అందుకే ఎం2టీఎస్, సీఎల్పీఐ ఎప్పుడూ జంటగానే మారాలి.

ఇక గడియారం. ప్లేలిస్టులో టైమును సెకనుకు 45,000 టిక్కుల లెక్కన రాస్తారు. సినిమా డిస్కుల్లో మొదటి ఫ్రేము టైము సున్నా దగ్గర మొదలు కావాలని లేదు. పది నిమిషాల దగ్గర మొదలైనట్టు రాసినవీ ఉంటాయి. చాప్టరు గుర్తులు కూడా ఆ గడియారం ప్రకారమే ఉంటాయి. కొత్తగా మక్స్ చేసిన, అంటే ధారలన్నీ కలిపి కట్టిన క్లిప్పు వేరే టైము దగ్గర మొదలైతే ప్లేలిస్టు అడిగే టైము ఫైల్లో ఉండనే ఉండదు. నల్లని తెర చూస్తూ కూర్చోవాలి.

తెలుగు అక్షరం, బ్లూ-రే బొమ్మ

బ్లూ-రేలో సబ్‌టైటిల్ సాధారణంగా అక్షరాల రూపంలో ఉండదు. ఒక్కో వరుసా ఒక బొమ్మ. దాన్ని పీజీఎస్ అంటారు, విడి ఫైలుగా ఉన్నప్పుడు సప్ ఫైలు. ఒక్కో బొమ్మకు 256 రంగులకు మించని పలక, ఎప్పుడు పడాలి ఎప్పుడు పోవాలి అనే టైము, తెర మీద చోటు, ఇంతే. తెలుగువాళ్లకు ఇది వరం. అక్షరాలూ టైములూ మాత్రమే ఉండే ఎస్ఆర్టీ ఫైలును టీవీకి తగిలిస్తే ఆ టీవీలో తెలుగు ఫాంటు ఉండాలి, ఉన్నా వత్తులు కూర్చే తెలివి దానికుండాలి. లేకపోతే డబ్బాలో, విడివిడి పొల్లులో పడతాయి. పీజీఎస్‌లో ఆ కూర్పంతా మన కంప్యూటర్లోనే అయిపోతుంది. ప్లేయర్‌కు తెలుగు రాకపోయినా బొమ్మ వేయడం వస్తే చాలు.

అందుకని శ్రద్ధంతా బొమ్మలు తయారుచేసే దగ్గరే పెట్టాలి. మూలపాఠం యూనికోడ్‌లో ఉండాలి, యూటీఎఫ్-8లో సేవ్ చేసి ఉండాలి. డీటీపీ షాపులో అనూ ఫాంట్లలో కొట్టించిన మ్యాటరు యూనికోడ్ కాదు. దాన్ని కన్వర్టరులో వేసి మార్చాక ప్రతి వరుసా కంటితో చూసుకోవాలి. మార్పిడిలో ఎక్కువగా పోయేది అక్షరాల మధ్య కనబడకుండా ఉండే విడదీత గుర్తు. అది పోతే ఇంగ్లీషు పేర్లలో పొల్లు కింద వత్తుగా దిగిపోయి, 'సాఫ్ట్‌వేర్' లాంటి మాట చదవరాకుండా తయారవుతుంది. నోట్‌ప్యాడ్‌లో ఆన్సీగా సేవ్ చేస్తే మాత్రం ఏదీ మిగలదు, అన్నీ ప్రశ్నార్థకాలే.

సప్ చేయడానికి సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రాం సరిపోతుంది. ఎస్ఆర్టీ తెరిచి, ఎక్స్‌పోర్టులో బ్లూ-రే సప్ ఎంచుకోవాలి. రిజల్యూషన్ 1920 బై 1080. ఫ్రేమ్ రేటు డిస్కులో ఏదుంటే అది. సినిమా డిస్కుల్లో సాధారణంగా 23.976. ఫాంటు సైజు దగ్గర ఇంగ్లీషు అలవాటు పనిచేయదు. తెలుగులో పైన గుడి, కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు ఉంటాయి. 60కి తగ్గితే సోఫా దగ్గర్నుంచి 'ర్త్స్య' లాంటివి ముద్దలా కనిపిస్తాయి. 60 నుంచి 68 మధ్య పెట్టి, లైన్ హైట్ పెంచాలి. పెంచకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లోకి దిగుతాయి. నల్ల అంచు 3 నుంచి 4 పిక్సెళ్లు. మరీ మందమైతే సున్నాలోని ఖాళీ పూడుకుపోతుంది. ఫాంటు విషయంలో మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఒకే మందంతో ఉండేవి దూరానికి బాగా కనిపిస్తాయి. మన బమ్మెర కవి పేరు పెట్టుకున్న పోతన ఫాంటు కాగితం మీద ఎంతో అందంగా ఉంటుంది, కానీ దాని సన్నని గీతలు కదిలే బొమ్మ మీద నిలవవు. ఎక్స్‌పోర్టు కిటికీలోనే నమూనా కనిపిస్తుంది. వత్తులు విడిపోయినట్టుంటే అక్కడే ఉన్న సింపుల్ రెండరింగ్ టిక్ మార్చి చూడండి.

వరుస కింద ఎర్రగా చూపించే అక్షరాల వేగాన్ని మాత్రం నమ్మవద్దు. ఆ ప్రోగ్రాం యూనికోడ్ గుర్తుల్ని లెక్కిస్తుంది. 'స్త్రీ' చదివేవాళ్లకు ఒక్క అక్షరం, ప్రోగ్రాంకు ఆరు గుర్తులు. అది చెప్పినట్టు వింటే అనువాదాన్ని సగానికి నరుక్కోవాల్సి వస్తుంది. అయిదారు మాటలకు ఒక వరుస, రెండు వరుసలకు మించకుండా, ఎంత చిన్న మాటైనా తెర మీద కనీసం ఒక సెకను, ఒక సబ్‌టైటిల్‌కూ తర్వాతి దానికీ మధ్య రెండు ఫ్రేముల ఖాళీ. ఈ ఖాళీ కంటికే కాదు, ప్లేయర్‌కూ కావాలి; బొమ్మ విప్పుకోవడానికి దానికి టైము పడుతుంది. పెద్ద బొమ్మలు ఒకదాని వెంట ఒకటి అంటుకుని వస్తే పాత ప్లేయర్లు కొన్ని వరుసల్ని మింగేస్తాయి. బతుకమ్మ పాటకు ఇంగ్లీషు వరుసలు వేసేటప్పుడు ప్రతి పాదానికీ వచ్చే 'ఉయ్యాలో'ను మొదట ఒకటి రెండుసార్లు వేసి తర్వాత వదిలేయడం మేలు. చదివేవాళ్ల కన్ను తెర కిందే ఉండిపోతే చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్లను చూసేదెప్పుడు?

ఫోర్స్‌డ్ అనే టిక్కు ఉంటుంది. అది పెడితే సబ్‌టైటిల్ ఆపేసినా ఆ వరుసలు పడుతూనే ఉంటాయి. విదేశీ బోర్డు మీద రాతలకు తప్ప దాన్ని ముట్టుకోవద్దు. ఎస్ఆర్టీని నేరుగా టీఎస్ మక్సర్‌కే (ధారల్ని కలిపి కట్టే ప్రోగ్రాం) ఇస్తే అదీ బొమ్మలు చేస్తుంది గానీ, తెలుగు వత్తుల కూర్పు మీద భరోసా లేదు. సప్ చేసుకునే వెళ్లాలి.

టైము ఎందుకు తప్పుతుంది

సినిమా మొదట్లో ఒక మాట, చివర్లో ఒక మాట పట్టుకుని తేడా చూడండి. రెండు చోట్లా ఒకే రెండు సెకన్ల తేడా ఉంటే మొత్తాన్ని రెండు సెకన్లు జరిపితే అయిపోయింది. తేడా పెరుగుతూ పోయి రెండు గంటలకు ఏడు సెకన్లైతే ఒకటి 24, ఇంకోటి 23.976. రెండు గంటలకు అయిదు నిమిషాల దాకా పోతే ఒకటి 25 వేగంలో ఉంది. రెండు గంటల సినిమా ఆ వేగంలో గంటా యాభై అయిదు నిమిషాల్లోనే ముగుస్తుంది. ఈ రెండూ ఫ్రేమ్ రేటు మార్చే ఆప్షన్‌తో పోతాయి. అలా కాకుండా నలభై నిమిషాల దాకా సరిగ్గా ఉండి ఒక్కసారిగా తప్పిందంటే అక్కడ సీను కోతో కలుపో ఉందని అర్థం. అక్కణ్నుంచి కిందికి విడిగా జరపాలి తప్ప ఏ లెక్కా పనిచేయదు.

చేర్చడం కన్నా మార్చడం మేలు

ఇప్పుడు సప్ చేతిలో ఉంది. బీడీఇన్ఫో అనే ప్రోగ్రాంతో సినిమా ఏ ప్లేలిస్టులో ఉందో, అది ఏ క్లిప్పును పిలుస్తుందో చూసుకోవాలి. కొన్ని డిస్కుల్లో ఒకే నిడివితో వందల దొంగ ప్లేలిస్టులు పెడతారు. మామూలు ప్లేయర్లో ఆడిస్తూ అది చూపించే టైటిల్ నెంబరుతో పోల్చుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన దారి. ఒకే సినిమా పది ఇరవై క్లిప్పుల ముక్కలుగా ఉండి, భాషను బట్టి ముక్కలు మారే డిస్కులూ ఉన్నాయి. వాటి మెనూ నిలబెట్టాలని పంతం పట్టవద్దు. మెనూ లేకుండా ఒకే క్లిప్పుగా కొత్త డిస్కు చేసుకోవడం మంచిది.

మామూలు డిస్కైతే ఇలా చేయాలి. ఆ ఎంపీఎల్ఎస్‌ను టీఎస్ మక్సర్‌లో తెరిస్తే ధారలన్నీ వరసగా కనిపిస్తాయి. మీకు అక్కరలేని ఒక సబ్‌టైటిల్, ఫ్రెంచో డచ్చో, ఎంచుకుని దాన్ని తీసేసి సరిగ్గా అదే వరసలో తెలుగు సప్ పెట్టాలి. ఎందుకంటే మెనూలోని బటన్‌కు భాష తెలియదు. 'మూడో సబ్‌టైటిల్ వేయి' అని నెంబరు చెప్పి ఊరుకుంటుంది. తెలుగును మూడో చోట కూర్చోబెడితే మెనూలో ఫ్రెంచ్ అని రాసి ఉన్న బటన్ నొక్కినా తెలుగే పడుతుంది. చివర్లో కొత్తగా చేరిస్తే దాన్ని పిలిచే బటనే ఉండదు; రిమోట్ సబ్‌టైటిల్ బటన్‌తో వెళ్లాలి, కొన్ని డిస్కులు ఆ బటన్‌ను కూడా పనిచేయనివ్వవు.

అవుట్‌పుట్ బ్లూ-రే ఫోల్డరుగా ఎంచుకోవాలి. మొదటి ఫ్రేము టైము ఇచ్చే ఆప్షన్ కొత్త వెర్షన్లలో ఉంది. పాత ప్లేలిస్టులో ఉన్న మొదలు టైమే అక్కడ ఇస్తే చాప్టర్లను ముట్టుకునే పని తప్పుతుంది. క్లిప్పు నెంబరు కూడా ముందే, పై ఉదాహరణలోలా అయితే 55 అని, చెప్పవచ్చు. మక్స్ అయ్యాక కొత్త ఎం2టీఎస్, కొత్త సీఎల్పీఐ రెంటినీ తీసి పాత వాటి స్థానంలో పెట్టాలి. అది తయారుచేసిన కొత్త ఎంపీఎల్ఎస్‌ను మాత్రం తేవద్దు. పాతదాన్నే బీడీఎడిట్ అనే ప్రోగ్రాంలో తెరిచి సబ్‌టైటిల్ పట్టికలో ఆ వరస భాషను టీ-ఈ-ఎల్ అని మార్చి, పీఐడీలు కొత్త ఎం2టీఎస్‌తో సరిపోతున్నాయో లేదో ఒక్కొక్కటీ చూసుకోవాలి. ముగింపు టైము కొత్త క్లిప్పు నిడివి దాటకూడదు. చివర్లో ఈ ఎంపీఎల్ఎస్, సీఎల్పీఐల్ని బ్యాకప్ ఫోల్డర్లో కూడా పెట్టాలి. అసలు ఫైలు చదవలేకపోతే ప్లేయర్ వెళ్లేది అక్కడికే, అప్పుడు పాత పటం దొరికితే మళ్లీ మొదటికొస్తుంది.

వీడియో మార్చేటప్పుడు

పెండ్లి డిస్కులో ఎదుర్కోళ్లు, లగ్గం, అప్పగింతలు విడివిడి క్లిప్పులుగా ఉంటే అదృష్టమే. టైటిల్ ఉన్న క్లిప్పు ఒక్కటే మార్చుకోవచ్చు. ల్యాబులో అసలు ప్రాజెక్టు ఇంకా ఉంటే దాన్నుంచే కొత్తగా తీయించాలి. డిస్కు మీది వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే పట్టుచీర జరీ దగ్గర, పందిట్లో పొగ దగ్గర గళ్లు కనబడతాయి.

కొత్త వీడియోలో ఫ్రేములు పాతదాంట్లో ఎన్నున్నాయో సరిగ్గా అన్నే ఉండాలి. మొదట్లో ఒక గట్టి కట్, చివర్లో ఒక గట్టి కట్ ఎంచుకుని రెండిట్లో ఫ్రేము నెంబర్లు రాసుకోండి. పైన సబ్‌టైటిల్‌కు చెప్పిన లెక్కే ఇక్కడా: తేడా నిలకడగా ఉంటే మొదట్లో ఫ్రేములు కోయాలి లేదా కలపాలి, పెరుగుతుంటే వేగం తేడా. ఆడియోను సాగదీయవద్దు, వీడియోనే దానికి సరిపెట్టాలి.

తర్వాత బ్లూ-రే ఒప్పుకునే రూపం. వీడియోను హెచ్264లోకి మార్చే ఎక్స్264 అనే ప్రోగ్రాంలో బ్లూరే కంపాట్ ఆప్షన్ పెట్టి, లెవెల్ 4.1, స్లైసులు నాలుగు, గరిష్ఠ బిట్‌రేటు 40,000, బఫరు 30,000 (రెండూ కిలోబిట్లలో), కీ ఫ్రేముల దూరం ఒక సెకను, అంటే సినిమాకు 24, పెండ్లి వీడియోకు 25. రంగుల గుర్తు బీటీ709. వెడల్పు సినిమా 1920 బై 800గా ఉంటే అలా ఇవ్వకూడదు; పైన 140, కింద 140 నల్లని పట్టీలు కలిపి 1080 చేయాలి. మన దగ్గర కెమెరాలు ఎక్కువగా 25 ఫ్రేముల్లో తీస్తాయి. 1080లో ప్రోగ్రెసివ్ 25, అంటే ప్రతి ఫ్రేమూ నిండు బొమ్మగా ఉండేది, మామూలు బ్లూ-రే ప్రమాణంలో లేదు. దాన్ని 50ఐ (ఇంటర్‌లేస్డ్) అని గుర్తు వేసి ఇవ్వాలి. ఎక్స్264లో ఫేక్ ఇంటర్‌లేస్డ్ ఆప్షన్ ఉన్నది ఇందుకే. బొమ్మ నాణ్యత పోదు, గుర్తు మాత్రమే మారుతుంది. ఫోన్లో తీసిన ముక్కలు కలపాలంటే ముందు వాటిని స్థిరమైన ఫ్రేమ్ రేటుకు తేవాలి. ఫోన్ వెలుతురును బట్టి రేటు మారుస్తూ తీస్తుంది, అలాగే కలిపితే పది నిమిషాల్లో మాటకూ పెదవికీ పొంతన ఉండదు.

పాత వీడియో వీసీ-1లోనో ఎంపెగ్-2లోనో ఉండి, కొత్తది హెచ్264 అయితే ప్లేలిస్టు పట్టికలో కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) గుర్తు కూడా మార్చాలి. వీసీ-1కు ఈఏ, ఎంపెగ్-2కు 02, హెచ్264కు 1బీ. సీఎల్పీఐ కొత్తది కాబట్టి అందులో సరిగ్గానే ఉంటుంది, పాత ఎంపీఎల్ఎస్‌లోనే మర్చిపోతారు. అప్పుడు మాట వినబడుతుంది, బొమ్మ రాదు.

బిట్‌రేటు లెక్క కాగితం మీద వేసుకోవాలి. 25 జీబీ డిస్కులో 25,025,314,816 బైట్లు. రెండున్నర గంటల సినిమాకు, అంటే 9,000 సెకన్లకు, మొత్తం సెకనుకు 22.2 మెగాబిట్లు. ఎం2టీఎస్ కట్టుబడి ఖర్చు ఆరు శాతం తీసేస్తే సుమారు 20.9. ఆడియోలకు నాలుగున్నర పోతే వీడియోకు మిగిలేది 16 చిల్లర. మెనూ, అదనపు వీడియోలు కూడా అదే డిస్కులో ఉండాలి కాబట్టి 14 దగ్గర పెట్టుకుంటే నిశ్చింత. సబ్‌టైటిల్స్ తినే చోటు లెక్కలోకి రానంత తక్కువ.

డిస్కు రాసే ముందు

వీఎల్సీలో ఆడింది కదా అని రాసేయవద్దు. వీఎల్సీ తప్పుల్ని ఓర్చుకుంటుంది, ప్లేయర్ ఓర్చుకోదు. ముందు తిరిగి రాయగలిగే బీడీ-ఆర్ఈ మీద రాసి, చివరి చాప్టరుకు దూకి, అక్కణ్నుంచి వెనక్కి వచ్చి, సినిమా మధ్యలో మెనూకు వెళ్లి తిరిగి వచ్చి, సబ్‌టైటిల్ ఆపి మళ్లీ వేసి చూడాలి. దూకినచోట తేడా వస్తే సీఎల్పీఐ, సబ్‌టైటిల్ మారకపోతే పట్టిక, మొదట్లోనే నల్లగా ఉంటే మొదలు టైము. కొన్న సినిమా డిస్కు నుంచి తీసిన కాపీలో ఇరవై నిమిషాల దగ్గర మాట ఆగి తెర మీద సందేశం వస్తే అది మీ మక్సింగ్ తప్పు కాదు. ఆ సౌండ్‌ట్రాక్‌లో సినావియా అనే గుర్తు ఉంది, ప్లేయర్ దాన్ని పట్టుకుంది. అలాంటప్పుడు అసలు డిస్కే వేసుకుని చూడాలి.

డిస్కు రాసే ఇమ్గ్‌బర్న్ ప్రోగ్రాంలో ఫైల్ సిస్టం యూడీఎఫ్ 2.50 ఎంచుకోవాలి. బీడీఎమ్‌వీ, సర్టిఫికేట్ ఫోల్డర్లు రెండూ డిస్కులో అన్నిటికన్నా పైన ఉండాలి. సినిమా పేరుతో ఇంకో ఫోల్డరు చేసి అందులో పెడితే ప్లేయర్ 'డిస్కు తెలియదు' అంటుంది. 4ఎక్స్ వేగంలో 25 జీబీ నిండా రాయడానికి ఇరవై మూడు, ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది. అంతకన్నా తొందర వద్దు, రాశాక వెరిఫై మానవద్దు. పెండ్లి డిస్కైతే రెండు కాపీలు రాసి, మార్చిన బీడీఎమ్‌వీ ఫోల్డరుతో పాటు ఎస్ఆర్టీని కూడా హార్డ్ డిస్కులో దాచాలి. రేపు ఒక పేరు దిద్దాలన్నా బొమ్మల్లో దిద్దలేం, ఎస్ఆర్టీలోనే దిద్దగలం.